ఫ్లయింగ్ క్లబ్బులు: మన దేశంలో విమాన విహార సంఘాల చరిత్ర

ఫ్లయింగ్ క్లబ్ అంటే విమానం నడపాలన్న కోరిక ఉన్నవారు కలిసి నడుపుకొనే సంఘం. విమానం కొనడం, దాన్ని ఉంచడానికి హ్యాంగరు కట్టించడం, బాగోగులు చూడటానికి గ్రౌండ్ ఇంజినీరును పెట్టుకోవడం, నేర్పడానికి ఇన్‌స్ట్రక్టరును పిలిపించడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. అందువల్ల సభ్యులు ప్రవేశ రుసుము కట్టి, నెలనెలా చందా ఇచ్చి, ఎగిరిన గంటలకు బాడుగ చెల్లించి, ఉన్న ఒకటి రెండు విమానాలను వంతులవారీగా వాడుకుంటారు. ప్రయాణికులను చేరవేయడం, సరుకు మోయడం వీరి పని కాదు. ఎగరడంలో ఉన్న ఆనందం కోసం ఎగిరేవారే ఈ సంఘాలకు మూలస్తంభాలు.

ఖర్చు పంచుకోవడంతో పాటు అనుభవం పంచుకోవడం కూడా క్లబ్ వల్లే సాధ్యమైంది. కాక్‌పిట్‌లో పైలట్ ఒంటరి. కానీ అతడు బయలుదేరే ముందు తెలుసుకోవలసిన విషయాలన్నీ ఇతరుల దగ్గరే ఉంటాయి. ఏ మైదానంలో వాన పడితే నేల మెత్తబడుతుంది, ఏ కొండ పక్కన గాలి కిందికి లాగుతుంది, ఏ ఇంజిన్ వేడెక్కితే ఎలా మొరాయిస్తుంది, ఇటువంటివి తొలినాళ్ల పుస్తకాల్లో దొరికేవి కావు. వంతు కోసం హ్యాంగరు నీడన కూర్చున్నవారు ఇతరుల ల్యాండింగులు చూస్తూ, దిగి వచ్చినవారిని అడుగుతూ నేర్చుకునేవారు. మొదటిసారి ఒంటరిగా, అంటే సోలోగా ఎగిరి దిగిన రోజున తోటివారు నీళ్లు కుమ్మరించి, మిఠాయిలు పంచుకొని చేసుకునే సంబరం అనేక క్లబ్బుల్లో ఆచారమైంది. మన దేశంలో పౌర విమానయానం ఇటువంటి సంఘాల్లోనే నడక నేర్చుకుంది.

బ్రిటన్‌లో మొదలు

బ్రిటన్‌లో గగన విహారుల సంఘం విమానం పుట్టక ముందే పుట్టింది. 1901లో బెలూన్లలో విహరించే ఔత్సాహికులు ఏరో క్లబ్ ఆఫ్ గ్రేట్ బ్రిటన్‌ను స్థాపించారు. అదే తర్వాత రాయల్ ఏరో క్లబ్ అయింది. 1905లో వివిధ దేశాల ఏరో క్లబ్బులు కలిసి అంతర్జాతీయ వైమానిక సమాఖ్యను ఏర్పాటు చేసుకున్నాయి. రికార్డులను గుర్తించడం, పోటీలకు నియమాలు పెట్టడం, పైలట్లకు యోగ్యతా పత్రాలు ఇచ్చే పద్ధతిని క్రమబద్ధం చేయడం ఈ సమాఖ్య బాధ్యతలు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక వేలమంది పైలట్లు సైన్యం నుంచి ఇళ్లకు తిరిగి వచ్చారు. వారికి ఎగరడం వచ్చు, ఎగరడానికి విమానాలు లేవు. యుద్ధ విమానాల ఇంజిన్లు ఇంధనాన్ని విపరీతంగా తాగేవి, వాటి నిర్వహణ సామాన్యులకు అందేది కాదు. ఈ చిక్కును డి హావిలాండ్ సంస్థ తయారు చేసిన డీహెచ్ 60 మాత్ విమానం తీర్చింది. 1925 ఫిబ్రవరి 22న లండన్ సమీపంలోని స్టాగ్ లేన్ మైదానంలో జెఫ్రీ డి హావిలాండ్ స్వయంగా దాన్ని ఎగరేశాడు. ముందొకటి వెనకొకటిగా రెండు సీట్లు, పైన కప్పు లేని కాక్‌పిట్, చెక్కతో చేసి గుడ్డ తొడిగిన రెక్కలు, 60 అశ్వశక్తి ఇంజిన్. రెక్కలను వెనక్కి మడిచి చిన్న షెడ్డులో పెట్టుకోవచ్చు, కారు వెనక కట్టి లాక్కుపోవచ్చు.

అదే ఏడాది బ్రిటిష్ వైమానిక మంత్రిత్వ శాఖ తేలికపాటి విమానాల క్లబ్బులకు సాయం చేసే పథకం ప్రారంభించింది. పౌర విమానయాన డైరెక్టర్ సర్ సెఫ్టన్ బ్రాంకర్ దాని వెనక ఉన్న ప్రధాన ప్రేరకుడు. లండన్, లాంకషైర్, న్యూకాజిల్, మిడ్‌లాండ్, యార్క్‌షైర్ క్లబ్బులకు మొదట విమానాలు, ధనసహాయం అందాయి. దేశంలో శిక్షణ పొందిన పైలట్ల సంఖ్య పెరిగితే అవసరమైనప్పుడు సైన్యానికీ పనికివస్తారన్న ఆలోచన ప్రభుత్వానిది. సభ్యులకు మాత్రం అది సెలవురోజున సరసమైన ధరకు ఆకాశాన్ని అందుకొనే అవకాశం. లండన్‌లో ఒక న్యాయవాది కార్యాలయంలో టైపిస్టుగా పనిచేసిన ఏమీ జాన్సన్ స్టాగ్ లేన్‌లోని లండన్ ఏరోప్లేన్ క్లబ్‌లో చేరి 1929లో లైసెన్సు సంపాదించింది. హ్యాంగరులో మెకానిక్‌ల పక్కన చేరి ఇంజిన్ పనీ నేర్చుకుంది. 1930 మే నెలలో పాత జిప్సీ మాత్ విమానంలో ఒంటరిగా బయలుదేరి కరాచీ, ఝాన్సీ, అలహాబాద్, కలకత్తాల మీదుగా ఆస్ట్రేలియా చేరింది.

భారతదేశంలో తొలి క్లబ్బులు

మన దేశంలో 1911 ఫిబ్రవరి 18న ఫ్రెంచి పైలట్ ఆన్రీ పెకే అలహాబాద్ ప్రదర్శన మైదానం నుంచి యమున దాటి నైనీకి ఉత్తరాల సంచీ చేర్చాడు. ప్రపంచంలో అధికారికంగా విమానంలో పోయిన తొలి టపా అదే. ఆ తర్వాత పదిహేనేళ్ల దాకా మామూలు పౌరుడు విమానం నడపడం నేర్చుకొనే ఏర్పాటు దేశంలో లేదు. 1926 చివర బ్రిటిష్ వైమానిక మంత్రి సర్ శామ్యూల్ హోర్ లండన్ నుంచి విమానంలో బయలుదేరి 1927 జనవరి తొలి వారాల్లో ఢిల్లీ చేరాడు. సామ్రాజ్య విమాన మార్గాన్ని ఇండియా దాకా పొడిగించే సన్నాహం అది. అదే ఏడాది ఇక్కడ పౌర విమానయాన శాఖ, ఏరో క్లబ్ ఆఫ్ ఇండియా అండ్ బర్మా ఏర్పడ్డాయి. ఏరో క్లబ్ తొలి అధ్యక్షుడు సర్ విక్టర్ ససూన్. బొంబాయిలో బట్టల మిల్లుల యజమాని అయిన ఆయన మొదటి ప్రపంచ యుద్ధకాలంలో విమాన ప్రమాదంలో కాళ్లు దెబ్బతిన్నా విమానాల మీద మక్కువ వదులుకోలేదు.

ఏరో క్లబ్ మాతృసంస్థగా, దాని కింద స్థానిక క్లబ్బులు పిల్ల సంస్థలుగా ఏర్పాటు సాగింది. 1928–29 మధ్య ఢిల్లీ, బొంబాయి, కరాచీ, కలకత్తాలలో క్లబ్బులు వెలిశాయి. ప్రభుత్వం వీటికి మాత్ విమానాలు, కొంత ధనసహాయం ఇచ్చింది. ఢిల్లీ క్లబ్ నేటి సఫ్దర్‌జంగ్ మైదానంలో, బొంబాయి క్లబ్ సముద్రపు ఒడ్డున జుహూలో, కలకత్తా క్లబ్ డమ్‌డమ్‌లో స్థిరపడ్డాయి. ఆ కాలంలో చాలా యూరోపియన్ క్లబ్బుల గుమ్మంలోకి భారతీయులను అడుగుపెట్టనిచ్చేవారు కాదు. ఫ్లయింగ్ క్లబ్బులు ప్రభుత్వ సాయంతో నడిచినవి కనుక వాటిలో భారతీయులకూ సభ్యత్వం ఉండేది. సభ్యుల్లో అత్యధికులు సంపన్నులే. సంస్థానాధీశులు, పారిశ్రామిక కుటుంబాల యువకులు, ఉన్నతోద్యోగులు, సైనికాధికారులు ఒకే హ్యాంగరు దగ్గర తమ వంతు కోసం ఎదురుచూసేవారు.

శిక్షణ ఒక క్రమంలో సాగేది. మొదట ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి డ్యూయల్ పాఠాలు, తర్వాత మైదానం చుట్టూ సర్క్యూట్లు, ఇన్‌స్ట్రక్టర్‌కు నమ్మకం కుదిరిన రోజున సోలో. ఆపైన లైసెన్సు పరీక్ష. రెండు గుర్తుల చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో విమానాన్ని తిప్పడం, ఎత్తులో ఇంజిన్ శక్తి తగ్గించి జారుతూ వచ్చి నిర్ణీత స్థలంలో దిగడం అందులో ముఖ్యాంశాలు. ఎగిరిన ప్రతి నిమిషం లాగ్‌బుక్‌లో నమోదయ్యేది.

1929 ఫిబ్రవరి 10న బొంబాయి క్లబ్ సభ్యుడు జహంగీర్ రతన్‌జీ దాదాభాయ్ (జె.ఆర్.డి.) టాటా ఏరో క్లబ్ ఆఫ్ ఇండియా అండ్ బర్మా నుంచి ఒకటో నంబరు యోగ్యతా పత్రం అందుకున్నాడు. అప్పటికి ఆయన వయసు 24. ఫ్రాన్స్‌లో హార్డెలో తీరంలో గడిపిన బాల్యంలో ఇంగ్లిష్ చానల్‌ను తొలిసారి విమానంలో దాటిన లూయీ బ్లేరియో కుటుంబం ఆయనకు పొరుగు. అక్కడ మొదలైన మోజు జుహూ క్లబ్‌లో విద్య అయింది.

ఆగాఖాన్ బహుమతి

క్లబ్బుల మధ్య పుట్టిన స్నేహస్ఫూర్తికి మంచి ఉదాహరణ 1930 నాటి ఆగాఖాన్ పోటీ. ఇంగ్లండ్ నుంచి ఇండియాకు గానీ, ఇండియా నుంచి ఇంగ్లండ్‌కు గానీ నిర్ణీత గడువులో ఒంటరిగా విమానం నడిపిన తొలి భారతీయుడికి 500 పౌండ్ల బహుమతి ఇస్తామని ఇస్మాయిలీ మతగురువు ఆగాఖాన్ ప్రకటించాడు. ముగ్గురు రంగంలోకి దిగారు. రావల్పిండికి చెందిన మన్మోహన్ సింగ్ తన విమానానికి మిస్ ఇండియా అని పేరు పెట్టుకొని ఇంగ్లండ్ నుంచి బయలుదేరాడు. కరాచీకి చెందిన 17 ఏళ్ల ఆస్పీ ఇంజినీర్ అంతకుముందే ఆర్.ఎన్.చావ్లాతో కలిసి ఇండియా నుంచి ఇంగ్లండ్ చేరి, ఇప్పుడు ఒంటరిగా తిరుగు ప్రయాణం కట్టాడు. టాటా కరాచీ నుంచి ఎదురు దిశలో బయలుదేరాడు.

ఈజిప్టులో అలెగ్జాండ్రియా దగ్గరి అబూకిర్ మైదానంలో టాటా దిగేసరికి ఆస్పీ ఇంజినీర్ అక్కడ ఆగిపోయి ఉన్నాడు. అతని ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్గులు కావాలి, అక్కడ దొరకడం లేదు. టాటా తన దగ్గర అదనంగా ఉన్న ప్లగ్గులు పోటీదారుకు ఇచ్చేశాడు. ఆస్పీ తన ప్రాణరక్షక జాకెట్‌ను ఆయనకు ఇచ్చాడు. ఇద్దరూ తమతమ దారుల్లో సాగిపోయారు. బహుమతి ఆస్పీ ఇంజినీర్‌ను వరించింది. మన్మోహన్ సింగ్ గమ్యం చేరినా గడువు దాటిపోవడంతో బహుమతి దక్కలేదు.

ఓడిపోయే అవకాశం ఉన్నా ప్లగ్గులు ఇవ్వడం ఆ కాలపు పైలట్లకు వింత కాదు. దారిలో చెడిపోయిన విమానానికి సాయం చేయడం వారి మధ్య రాయని కట్టుబాటు, ఎందుకంటే రేపు అదే ఎడారిలో ఆగిపోయేది తామే కావచ్చు. ఆస్పీ ఇంజినీర్ తర్వాత వైమానిక దళంలో చేరి, 1960 నుంచి 1964 వరకు భారత వైమానిక దళాధిపతిగా పనిచేశాడు. మన్మోహన్ సింగ్ రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేస్తూ 1942 మార్చిలో ఆస్ట్రేలియాలోని బ్రూమ్ మీద జపాన్ దాడిలో ప్రాణాలు కోల్పోయాడు.

టపా విమానాలు, తెలుగు నేల

క్లబ్‌లో సరదాగా నేర్చిన విద్య వృత్తిగా మారడానికి ఎక్కువ కాలం పట్టలేదు. బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసి వచ్చిన నెవిల్ విన్సెంట్ ప్రోద్బలంతో టాటాలు విమాన టపా సంస్థను ప్రారంభించారు. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా పస్ మాత్ విమానంలో కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా జుహూకు ఉత్తరాల సంచులు తెచ్చాడు. అక్కడి నుంచి విన్సెంట్ వాటిని బళ్లారి మీదుగా మద్రాసుకు చేర్చాడు. బళ్లారి అప్పట్లో మద్రాసు రాజధానిలోని దత్తమండలాల జిల్లా. జుహూలో ఆ సంస్థకు ఉన్నది తాటాకు కప్పిన చిన్న షెడ్డు. వర్షాకాలంలో మైదానం చిత్తడిగా మారితే మకాం పుణేకు మార్చేవారు. తర్వాతి కాలంలో ఈ మార్గంలో బళ్లారికి బదులు హైదరాబాద్ మజిలీ అయింది.

మద్రాసు ఫ్లయింగ్ క్లబ్ 1930 ప్రాంతంలో పని ప్రారంభించింది. పరంగిమల సమీపంలోని మీనంబాకం మైదానం దాని స్థావరం. నేటి చెన్నై విమానాశ్రయం ఆ మైదానం నుంచే ఎదిగింది. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ ప్రాంతాలు అనేకం కలిసి ఉన్న నాటి మద్రాసు రాజధానిలో విమాన విద్య కోరేవారికి దక్షిణాన ముఖ్యకేంద్రం అదే.

సంస్థానాలు కూడా వెనకబడలేదు. జోధ్‌పుర్ మహారాజు ఉమేద్ సింగ్ స్వయంగా పైలట్. తన రాజధానిలో విమానాశ్రయం కట్టించి, ఫ్లయింగ్ క్లబ్ పెట్టి, ఎడారి పట్టణాన్ని సామ్రాజ్య విమాన మార్గంలో మజిలీగా మార్చాడు. హైదరాబాద్‌లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో హైదరాబాద్ స్టేట్ ఏరో క్లబ్ ఏర్పడింది. బేగంపేట విమానాశ్రయం ఈ క్లబ్‌తోనే మొదలైంది. 1930ల్లో అక్కడ హ్యాంగర్లు, ఆ తర్వాత ప్రయాణికుల భవనం వచ్చాయి. సంస్థాన వైమానిక వ్యవహారాల్లో బాబర్ మీర్జా ముఖ్యుడు. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ స్థాపించడంతో బేగంపేట ఒక విమాన సంస్థకు కేంద్రమైంది. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచే దాకా హైదరాబాద్ ప్రయాణికులంతా ఎక్కిదిగిన మైదానం అదే. మొదట అది కొద్దిమంది ఔత్సాహికుల క్లబ్ మైదానం.

ఈ కాలంలో క్లబ్బుల మధ్య రాకపోకలు పెరిగాయి. 1930ల్లో వైస్రాయ్ కప్పు కోసం విమాన పందేలు జరిగాయి. సభ్యులు ఒక ఊరి క్లబ్ నుంచి మరో ఊరి క్లబ్‌కు క్రాస్‌కంట్రీ ప్రయాణాలు చేసి అతిథులుగా దిగేవారు. గీసిన గీత మీదే చక్రాలు ఆనించే ల్యాండింగ్ పోటీలు, పైనుంచి పిండి సంచులను నేల మీది వలయంలోకి గురిపెట్టి జారవిడిచే పోటీలు క్లబ్ వేడుకల్లో భాగం. చూడవచ్చిన పట్టణవాసుల్లో చాలామంది విమానాన్ని దగ్గరగా చూసింది ఆ మైదానాల్లోనే.

మహిళా పైలట్లు

ఆడపిల్లలు గడప దాటడమే కష్టమైన రోజుల్లో ఫ్లయింగ్ క్లబ్బులు మహిళలకు తలుపులు తెరిచాయి. 1932లో బొంబాయికి చెందిన ఊర్మిళా పారిఖ్ లైసెన్సు సాధించి భారతీయ మహిళల్లో ప్రథమురాలైంది. 1936లో సరళా ఠక్రాల్ లాహోర్‌లో జిప్సీ మాత్ విమానంలో సోలో చేసింది. అప్పటికి ఆమెకు 21 ఏళ్లు, నాలుగేళ్ల కూతురు ఉంది. చీర కట్టుకొనే కాక్‌పిట్ ఎక్కింది. అత్తవారి ఇంట అనేకమంది పైలట్లే. భర్త పి.డి.శర్మ టపా విమానాలు నడిపేవాడు. ఆమె వెయ్యి గంటలు ఎగిరి, వాణిజ్య లైసెన్సు కోసం జోధ్‌పుర్ వెళ్లింది. 1939లో భర్త విమాన ప్రమాదంలో మరణించడం, యుద్ధంతో పౌర శిక్షణ ఆగిపోవడం ఆమె దారిని మళ్లించాయి.

ఆమెకు దక్కని అవకాశం అలహాబాద్‌కు చెందిన ప్రేమ్ మాథుర్‌కు హైదరాబాద్‌లో దక్కింది. 1947లో వాణిజ్య లైసెన్సు పొందిన ఆమెకు మహిళ అన్న కారణంతో అనేక విమాన సంస్థలు ఉద్యోగం నిరాకరించాయి. చివరికి డెక్కన్ ఎయిర్‌వేస్ అవకాశం ఇచ్చింది. దేశంలో వాణిజ్య విమానాలు నడిపిన తొలి మహిళ ఆమె. 1949లో జాతీయ విమాన పందెం కూడా గెలిచింది. అదే ఏడాది బెంగళూరు సమీపంలోని జక్కూర్ ప్రభుత్వ శిక్షణ పాఠశాలలో ఉషా సుందరం శిక్షణ పూర్తి చేసింది. పైలట్ అయిన భర్త వి.సుందరంతో కలిసి డవ్ విమానాన్ని లండన్ నుంచి బొంబాయికి సుమారు 27 గంటల్లో తీసుకొచ్చి రికార్డు నెలకొల్పింది.

యుద్ధకాలం

1939లో యుద్ధం మొదలైనప్పుడు భారత వైమానిక దళం చాలా చిన్నది. పైలట్లు ఎక్కువగా ఉన్నది క్లబ్బుల్లోనే. స్వచ్ఛంద రిజర్వు దళం ఏర్పాటు చేసి, ప్రాథమిక శిక్షణను ఫ్లయింగ్ క్లబ్బులకు అప్పగించారు. మద్రాసు, విశాఖపట్నం సహా ముఖ్యమైన ఓడరేవుల్లో ఏర్పడిన తీరరక్షణ విమాన దళాల్లో ఈ రిజర్వు పైలట్లు పనిచేశారు. పాతబడిన విమానాలతో సముద్రం మీద గస్తీ తిరిగి, వచ్చిపోయే ఓడలను కాచారు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడేనాటికి బంగాళాఖాతం తీరమంతా యుద్ధరంగమే. బేగంపేటలో ప్రాథమిక వైమానిక శిక్షణ పాఠశాల నెలకొంది. టైగర్ మాత్ విమానాల మీద అనేకమంది యువకులు అక్కడ తొలి పాఠాలు నేర్చారు.

1940లో క్లబ్ లైసెన్సులున్న 24 మంది భారతీయ యువకులను బ్రిటన్‌కు పంపారు. వారిలో మొహిందర్ సింగ్ పుజ్జీ 1936లో ఢిల్లీ ఫ్లయింగ్ క్లబ్‌లో కేవలం అభిరుచి కోసం విమానం నేర్చుకున్నవాడు. తలపాగా తీయకుండానే యుద్ధ విమానాలు నడిపి, బ్రిటన్, ఉత్తర ఆఫ్రికా, బర్మా రంగాల్లో పోరాడి, డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ పతకం పొందాడు. ఢిల్లీ క్లబ్‌లోనే శిక్షణ పొందిన బిజూ పట్నాయక్ 1947లో డచ్చివారి కన్నుగప్పి ఇండోనేషియా నాయకుడు సుతాన్ షహ్రీర్‌ను జావా నుంచి ఇండియాకు విమానంలో తెచ్చాడు. తర్వాత ఆయన ఒరిస్సా ముఖ్యమంత్రి అయ్యాడు.

స్వాతంత్ర్యం తర్వాత

దేశ విభజనతో కరాచీ, లాహోర్ క్లబ్బులు సరిహద్దు అవతల ఉండిపోయాయి. మిగిలిన క్లబ్బులకు కేంద్ర ప్రభుత్వం ఎగిరిన గంటల లెక్కన రాయితీ ఇచ్చింది. రాష్ట్ర రాజధానుల్లో కొత్త క్లబ్బులు వచ్చాయి. రాయితీ వల్ల మధ్యతరగతి యువకులకూ విమానం అందుబాటులోకి వచ్చింది. పుణే దగ్గర హడప్సర్‌లో గ్లైడింగ్ కేంద్రం ఏర్పడి, ఇంజిన్ లేకుండా గాలి ఊపు మీద ఎగిరే విద్యను నేర్పసాగింది.

యుద్ధకాలపు టైగర్ మాత్‌లు పాతబడేసరికి దేశీయ విమానం అవసరమైంది. బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థలో వి.ఎం.ఘాటగే నేతృత్వంలో పుష్పక్ రూపుదిద్దుకొని 1958 సెప్టెంబరు 28న తొలిసారి ఎగిరింది. ఉక్కు గొట్టాల చట్రం, చెక్క దూలాల రెక్కలు, పైన గుడ్డ కవచం, పక్కపక్కన రెండు సీట్లు, 90 అశ్వశక్తి ఇంజిన్. సుమారు 160 పుష్పక్‌లు తయారై అధికభాగం ఫ్లయింగ్ క్లబ్బులకే వెళ్లాయి. పేరు పురాణాల్లోనిదే అయినా, దాని ఆకృతి అమెరికాకు చెందిన ఏరోంకా చీఫ్ విమానాన్ని పోలి ఉంటుంది. నెమ్మదిగా ఎగిరి, తప్పులు సహించే ఈ విమానం మీద ఒక తరం పైలట్లు సోలో చేశారు. గుడ్డ చిరిగితే కుట్టడం, దాని మీద పూత వేయడం, తోక చక్రం సరిచేయడం వంటి పనుల్లో సభ్యులు గ్రౌండ్ ఇంజినీర్‌కు చేయి అందించేవారు. వృత్తులు వేరు, ఆదాయాలు వేరు అయినా, విమానం కింద కూర్చొని చేతులకు గ్రీజు అంటించుకున్నవారి మధ్య చనువు తొందరగా కుదిరేది.

రాజీవ్ గాంధీ ఢిల్లీ ఫ్లయింగ్ క్లబ్‌లో నేర్చుకొని ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్ అయ్యాడు. ఆయన తమ్ముడు సంజయ్ గాంధీ 1980 జూన్ 23న అదే క్లబ్‌కు చెందిన పిట్స్ విమానంలో విన్యాసాలు చేస్తుండగా సఫ్దర్‌జంగ్ సమీపంలో కూలి, తోటి పైలట్ సుభాష్ సక్సేనాతో పాటు మరణించాడు. ప్రతి క్లబ్‌లోనూ పెద్దలు కొత్తవారికి మొదట చెప్పేది ఎత్తు విలువ గురించి. నేలకు దగ్గరగా చేసే విన్యాసంలో పొరపాటు దిద్దుకొనే వ్యవధి ఉండదు.

1982 అక్టోబరు 15న 78 ఏళ్ల జె.ఆర్.డి. టాటా లెపర్డ్ మాత్ విమానంలో ఒంటరిగా కరాచీ నుంచి జుహూకు ఎగిరి యాభై ఏళ్ల నాటి టపా ప్రయాణాన్ని పునరావృతం చేశాడు. క్లబ్‌లో నేర్చిన విద్యను ఆయన యాభై ఏళ్లకు పైగా నిలుపుకున్నాడు.

శిక్షణ సంస్థలుగా మార్పు

1980ల నుంచి క్లబ్బుల స్వభావం మారింది. విమాన సంస్థలకు పైలట్లను తయారు చేయడానికి ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ఏర్పడింది. 1990ల్లో ప్రైవేటు విమాన సంస్థలకు అనుమతి వచ్చాక, 2003 తర్వాత చవక టికెట్ల విమానాలు పెరిగాక, వాణిజ్య పైలట్ల గిరాకీ ఎగబాకింది. ప్రైవేటు పైలట్ లైసెన్సుకు 40 గంటల శిక్షణ చాలు. వాణిజ్య లైసెన్సుకు 200 గంటలు కావాలి. క్లబ్బుల విమానాలు, ఇన్‌స్ట్రక్టర్ల కాలం ఈ 200 గంటల విద్యార్థులకే సరిపోసాగాయి. హైదరాబాద్‌లోనూ బేగంపేట కేంద్రంగా ప్రభుత్వ ఆధ్వర్యంలోని ఏవియేషన్ అకాడమీ, నాదర్‌గుల్ మైదానంలో శిక్షణ సంస్థలు పనిచేశాయి.

విద్యార్థి రెండు మూడేళ్లు ఉండి, గంటలు పూర్తి చేసుకొని వెళ్లిపోతాడు. పాత సభ్యుడు ఇరవై ముప్పై ఏళ్లు అదే క్లబ్‌తో ఉండేవాడు. ఆ దీర్ఘకాలపు బంధం తరిగిపోవడమే ఈ మార్పులో పెద్ద నష్టం, ఎందుకంటే అనుభవం ఒక తరం నుంచి మరో తరానికి అందింది ఆ బంధం ద్వారానే. దానికి తోడు మైదానాలు నగరాల నడిబొడ్డున చిక్కుకున్నాయి. ఢిల్లీలో ప్రముఖుల నివాసాలకు దగ్గరగా ఉన్న సఫ్దర్‌జంగ్‌లో భద్రతా కారణాలతో 2000ల ఆరంభంలో క్లబ్ విమానాలు ఆగిపోయాయి. పెద్ద విమానాశ్రయాల్లో ప్రయాణికుల విమానాల రద్దీలో చిన్న విమానాలకు వేళలు దొరకడం కష్టమైంది. చిన్న పిస్టన్ ఇంజిన్లు వాడే ఏవ్‌గ్యాస్ ఇంధనాన్ని 2022లో ఇండియన్ ఆయిల్ స్వదేశంలో తయారు చేసే దాకా దిగుమతి చేసుకోవలసి వచ్చేది. దాంతో గంట బాడుగ సరదా పైలట్ల అందుబాటు దాటింది.

నేటి స్థితి

పాత ఏరో క్లబ్ ఆఫ్ ఇండియా అండ్ బర్మా ఇప్పుడు ఏరో క్లబ్ ఆఫ్ ఇండియా పేరుతో కొనసాగుతూ అంతర్జాతీయ వైమానిక సమాఖ్యలో దేశానికి ప్రాతినిధ్యం వహిస్తోంది. బొంబాయి, మద్రాసు క్లబ్బుల పేర్లు నిలిచి ఉన్నాయి. బెంగళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాల రూపొందించిన హంస రెండు సీట్ల విమానం కొన్ని క్లబ్బులకు చేరింది. ఎన్‌సీసీ వైమానిక విభాగం మైక్రోలైట్ విమానాల మీద కళాశాల విద్యార్థులకు తొలి అనుభవం అందిస్తోంది. తక్కువ ఖర్చుతో ఎగరాలనుకునేవారు పారాగ్లైడింగ్ వైపు మళ్లారు. హిమాచల్‌లోని బీర్ బిల్లింగ్‌లో 2015లో పారాగ్లైడింగ్ ప్రపంచ కప్ జరిగింది. అక్కడ తెల్లవారుజామున గాలి తీరు గురించి పైలట్లు మాట్లాడుకొనే మాటలకూ, 1930లో జుహూ సభ్యులు మాట్లాడుకున్న మాటలకూ పెద్ద తేడా లేదు.

అమెరికాలో 1953లో పాల్ పోబరెజ్నీ స్థాపించిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ ఊరూరా శాఖలతో, ఏటా ఆష్‌కాష్‌లో జరిగే మహాసమ్మేళనంతో సరదా పైలట్ల సమాజాన్ని నిలబెట్టగలిగింది. అక్కడ చిన్న మైదానాలు వేల సంఖ్యలో ఉండటం, సభ్యులు సొంతంగా విమానాలు నిర్మించుకోవడం అందుకు తోడ్పడ్డాయి. మన దేశంలో యుద్ధకాలంలో వేసిన పాత రన్‌వేలు అనేకం వాడకం లేకుండా ఉన్నాయి. చిన్న విమానాలకు వాటిని తెరిచి, ఇంధనం ధర అదుపులో ఉంచి, క్లబ్బుల సభ్యత్వాన్ని విద్యార్థులకు మాత్రమే పరిమితం చేయకుండా ఉంటే సంఘం మళ్లీ బలపడే వీలుంది.

విమానాశ్రయాలు, విమాన సంస్థలు, వైమానిక దళం, ఈ మూడింటికీ మన దేశంలో తొలినాటి మనుషుల్లో ఎందరినో అందించింది ఫ్లయింగ్ క్లబ్బులే. ఆగాఖాన్ పోటీదారు దళాధిపతి కావడం, జుహూ క్లబ్ సభ్యుడు విమాన సంస్థకు ఆద్యుడు కావడం, బేగంపేట క్లబ్ మైదానం మహానగర విమానాశ్రయం కావడం ఒకే చరిత్రలోని భాగాలు. ఆ చరిత్రకు పునాది వేసినవారు జీతం కోసం ఎగరలేదు. తోటివారితో కలిసి విమానాన్ని, ఖర్చును, నేర్చినదాన్ని పంచుకోవడానికి సిద్ధపడ్డారు.